సీసము బంగారమగునా?



నేను వికారాబాదు ప్రాంతమున ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయ వృత్తిలో నుండి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట గురువుగారి యింట కావ్యములను, తర్కమును చదువుకొంటిని. పిదప పాఠశాలలో భాషతోపాటు లెక్కలను గూడ చెప్పవలసివచ్చినది. ఆ రెండు చదువులును నేటి ప్రసంగమునకు అక్కరకు వచ్చినవి.

గడచిన కందికోతలు ముగిసిన పిదప, తాండూరు దాపున నున్న ఒక గ్రామమునుండి నాకు చిరపరిచితులైన పెద్దరైతు ఒకరు మా యింటికి వచ్చిరి. కూర్చుండి, మంచినీరు త్రాగి, అంగీ జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసి నా చేతికిచ్చిరి. అది ఒక వార్తకు నకలు. ఐరోపాలో శాస్త్రజ్ఞులు సీసమును బంగారముగా మార్చిరని అందులో నున్నది.

"పంతులుగారూ, ఇది నిజమేనా?" అని అడిగిరి.

"నిజమే" అంటిని.

వారి ముఖము వికసించినది. అది చూచి నాకు వెఱపు కలిగినది. విషయమేమని అడుగగా మెల్లగా చెప్పిరి. ఊరికి క్రొత్తవాడొకడు వచ్చి, ఆ రహస్యము తనకును తెలియునని, మూసలకును మందులకును రెండు లక్షల రూపాయలు పెట్టినచో అర్ధకిలో బంగారము చేసి యిత్తునని నమ్మబలికెనట. ఋజువుగా ఈ వార్తను చూపెనట. కందులమ్మిన సొమ్ము చేతనున్నది. అది మనుమరాలి కళాశాల చదువునకై దాచినది.

"వార్త నిజము. ఆ మనిషి మాట అబద్ధము. ఈ రెండును ఒక్కసారే ఎట్లు పొసగునో వివరింతును. అంతవఱకు సొమ్ము కదలింపకుడు" అని చెప్పితిని. నాడు వారికి చెప్పినదానినే నేడు మీ యందఱికిని విన్నవించుచున్నాను.

నాకు వెఱపు ఏల కలిగినదో కూడ చెప్పవలెను. నా యేడవ యేట మా యింటికి ఒక బైరాగి వచ్చెను. రాగిని బంగారము చేయుటకు కొంత మేలిమి బంగారము బీజముగా వేయవలెననెను. మా నాయనమ్మ తన కాసులపేరు తీసి యిచ్చినది. రెండు రాత్రులు కొలిమి మండినది. మూడవనాటి ఉదయమునకు బైరాగి లేడు. మూసలో ఇటుకపొడి యున్నది. ఆమె ఎవరిని నిందింపలేదు. కాని పండుగనాడు క్రొత్తచీర కట్టుకొని, మెడను ఊరక తడుముకొనుచుండుటను నేను పలుమాఱులు చూచితిని. పరసువేది కథలు వినుటకు ఇంపుగా నుండును. వాని వెల మాత్రము ఇట్టిది.

ఇక విషయమునకు వత్తము. సీసము సీసమెందులకైనది? బంగారము బంగారమెందులకైనది? ప్రతి వస్తువును పరమాణువులతో నేర్పడినది. పరమాణువు నడుమ కేంద్రకమను గట్టి ముద్ద యొకటి యుండును. సీసపు పరమాణువును నూటయేబది మీటర్ల వెడల్పుగల చెఱువంతగా పెంచి చూచితిమనుకొనుడు. అపుడు దాని కేంద్రకము చెఱువు నడుమ పడియున్న ఒక కందిగింజ యంత యగును. ఆ గింజలో ప్రోటానులు, న్యూట్రానులు అను రేణువులు కలవు. ప్రోటానుల లెక్కయే వస్తువుయొక్క జాతిని నిర్ణయించును. సీసమునకు 82. బంగారమునకు 79. నడుమ 80 పాదరసము, 81 థాలియమను లోహము. కాబట్టి సీసపు కేంద్రకమునుండి మూడు ప్రోటానులను తొలగించినచో మిగిలినది బంగారమే.

మూడే గదా యని తోచును. కాని కొలిమి నిప్పు, పుటము, ఆమ్లము, మూలికారసము, ఇవన్నియు పరమాణువు పైపొరను మాత్రమే తాకగలవు. చెఱువు గట్టున గాలి వీచినట్లే. నడుమ గింజకు ఆ వార్తయే తెలియదు. కేంద్రకమును కట్టియుంచు బలము కొలిమి వేడికి లక్షల రెట్లు మించినది. పూర్వపు రసవాదులలో నిజాయితీపరులైనవారును విఫలులగుటకు కారణమిదియే. వారికి దీక్ష లేక కాదు. వారి నిప్పు అంతదూరము పోలేదు.

ఆ గింజను తాకగల యంత్రమొకటి నేడు కలదు. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, జెనీవా నగరము చెంత, సెర్న్ అను అంతర్జాతీయ పరిశోధనాలయమున్నది. అచట భూమికి సుమారు నూఱు మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు సొరంగమును త్రవ్విరి. వికారాబాదునుండి రైలెక్కి తాండూరు దారిలో సగముదూరము దాటి పోయినంత నిడివి అది. ఆ సొరంగములో గాలిని తీసివేసిన గొట్టములు, వాని చుట్టు మహాబలము గల అయస్కాంతములు కలవు. సంవత్సరములో ఎక్కువకాలము అందు ప్రోటానులను త్రిప్పుదురు. 2010 నవంబరు మొదలు, సాధారణముగా ఏడాదికి ఒక నెల ప్రాంతము, సీసపు కేంద్రకములను త్రిప్పసాగిరి. చిన్న సీసపు ముక్కను కాచి ఆవిరి చేసి, పరమాణువుల పైపొరలను ఒలిచివైచి, మిగిలిన కేంద్రకములను గుంపులుగా ఎదురెదురు దిశల తోలుదురు. వాని వేగము కాంతివేగమునకు ఇంచుమించు సమానము; సెకనునకు పదునొకండు వేల మాఱులకు పైగా అవి ఆ చక్రమును చుట్టివచ్చును.

ఈ పనిలో మనదేశపు చేయి కూడ కలదు. ఆ బరువైన అయస్కాంతములను వెండ్రుకవాసి తేడా లేకుండ నిలుపుటకు సుమారు ఏడు వేల జాకీలు భారతదేశముననే తయారై అచటికి పోయినవి. 2004లో భారత ప్రభుత్వము బహూకరించిన నటరాజ విగ్రహము ఆ పరిశోధనాలయపు ఆవరణలో నున్నది. 2017 నుండి మనదేశము ఆ సంస్థలో సహసభ్యత్వము కలిగియున్నది.

సీసపు కేంద్రకములు ఎదురెదురుగా వచ్చినపుడు రెండు విధములైన సంఘటనలు జరుగును. మొదటిది ముఖాముఖి ఢీకొనుట. అపుడు ప్రోటానులు, న్యూట్రానులు కూడ కరగి, వాని లోపలి క్వార్కులు, గ్లూఆనులు అను మూలరేణువులు ఒక్క ద్రవముగా కలిసిపోవును. 2012లో ఆ పరిశోధకులు ప్రకటించిన కొలత ప్రకారము ఆ వేడి సుమారు 5.5 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యగర్భము వేడి కోటిన్నర డిగ్రీలే. సృష్టి మొదలైన పిదప సెకనులో పదిలక్షల వంతులు కొన్ని గడచునంతవఱకు విశ్వమంతయు ఇట్టి ద్రవముగానే యుండెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అమెరికాలో బ్రూక్‌హేవెన్ అనుచోట 2000 సంవత్సరమున మొదలైన వేఱొక చక్రములో ఇట్టి పరీక్షలను బంగారపు కేంద్రకములతో చేసిరి. వినుడు: వారు బంగారమును చేయలేదు, బంగారమునే ప్రయోగమున పొడిచేసిరి! అది ఆవిరివలె కాక, అత్యంత సులభముగా ప్రవహించు ద్రవమువలె నున్నదని 2005లో ప్రకటించిరి. అచటి స్టార్ అను ప్రయోగములో మన తిరుపతిలోని ఐసర్ విజ్ఞాన విద్యాలయమువారును పాలుగొనిరి.

రెండవ విధము విచిత్రమైనది. అందు కేంద్రకములు ఢీకొననే కొనవు. ఒకదాని ప్రక్కగా ఒకటి దూసికొని పోవును. వికారాబాదు జంక్షనులో నిలిచి మీరు చూచియేయుందురు. ఆగకుండ పోవు రైలు మనలను తాకదు. అయినను దాని గాలి మన ఉత్తరీయమును లాగును, చేతిలోని కాగితమును ఎగురగొట్టును. రెండు రైళ్లు ప్రక్కప్రక్క పట్టాలపై ఎదురెదురుగా దాటినపుడు ఆ గాలులు రెండును ఒరసికొనును. సీసపు కేంద్రకమునకు గాలి లేదు గాని, 82 ప్రోటానుల విద్యుచ్ఛక్తి కలదు. ఆ వేగమున పోవునపుడు ఆ శక్తి దాని చుట్టు ఒక పలుచని తేజోమండలమువలె నగును. అనగా ప్రతి కేంద్రకమును తనతో కొంత కాంతిని మోసికొని పోవుచున్నదన్నమాట.

ఆ కాంతి ఎదుటి కేంద్రకమును తగిలినపుడు అది కంపించి, ఒకటి రెండు న్యూట్రానులను, ఒక్కొక్కసారి ప్రోటానులను, రాల్చును. ఒక ప్రోటాను రాలిన థాలియము, రెండు రాలిన పాదరసము, మూడు రాలిన బంగారము. ఢీకొనుచోటికి నూఱు మీటర్లకు పైగా దూరమున అమర్చిన గ్రాహక యంత్రములు ఆ రాలినవానిని లెక్కించినవి. ఆలిస్ అను ప్రయోగమువారు 2025 మే నెలలో ఈ లెక్కను వెల్లడించిరి. 2015 నుండి 2018 వఱకు సాగిన దఫాలో సుమారు 8,600 కోట్ల బంగారపు కేంద్రకములు పుట్టినవట. మా రైతుగారు చూపిన వార్త యిదియే.

"ఎనిమిది వేల ఆఱువందల కోట్లా!" అని వారు ఆశ్చర్యపడిరి. నేను పలక తెప్పించితిని. ఆ బంగారమంతయు కలిపి తూచిన 29 పికోగ్రాములు. పికోగ్రామనగా గ్రామును లక్షకోట్ల భాగములు చేయగా ఒక భాగము. నేటి వ్యవహారమున తులము పది గ్రాములు. కాబట్టి ఒక తులము కావలెనన్న, ఆ నాలుగేండ్ల దఫాను సుమారు 34 వేల కోట్ల మాఱులు నడుపవలెను. మొత్తము కాలము సుమారు లక్షా ముప్పదియాఱు వేల కోట్ల సంవత్సరములు. విశ్వమునకు నేటివఱకు గడచిన వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములే. ఒక్క తులము బంగారమునకు విశ్వమువయస్సునకు నూఱురెట్లు కాచుకొనవలెను! పోనీ, పుట్టినది చేతికి వచ్చునా? రాదు. పుట్టిన ఆ కేంద్రకము రెప్పపాటులో ఎన్నియో వంతుల కాలముననే గొట్టపు గోడకో అడ్డుకట్టకో తగిలి చూర్ణమగును. యంత్రము తరువాతి దఫాలో ఇంకను జోరుగా పనిచేసినది. అయినను ఉంగరమునకు కావలసినదానిలో కోటానుకోట్ల వంతు కూడ కాదు.

రైతుగారు పలకను చాలసేపు చూచిరి. పిదప మంచి ప్రశ్న వేసిరి. "మఱి బంగారము కొఱకు కాకున్న, అంత సొమ్ము పోసి వాండ్లు ఏమి వెదకుచున్నరు?"

నేటి ప్రసంగమునకు ఇదియే ముఖ్యము. వారు వెదకునది, మనము నేటివఱకు ఎఱుగని పదార్థధర్మములను. నక్షత్రమండలములు తిరుగు తీరును బట్టి చూడగా, మనకు కనబడు పదార్థముకన్న సుమారు అయిదు రెట్లు కనబడని పదార్థము విశ్వమున నున్నదని తేలినది. దానిని కృష్ణపదార్థమందురు. అదేమో ఎవరును పట్టి చూపలేదు. మన పుస్తకములలోని రేణువుల పట్టికలో దానికి చోటు లేదు. కావున పట్టికలో లేని రేణువు ఏదైన దొరకునేమోయని వెదకుట.

సీసము ఈ వెదకులాటకు ఎట్లు తోడ్పడును? జాతరలో రెండు దీపముల కాంతులు ఒకదానినొకటి దాటిపోవును గాని ఢీకొని చెదరుట మీరెన్నడును చూడలేదు. కాని అతి యరుదుగా కాంతి కాంతిని తాకి చెదరునని 1936లో హైసెన్‌బర్గు, ఆయిలర్ అను జర్మను శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దానిని నేరుగా చూచుటకు తగిన కాంతి ఎచటను లేకపోయెను. సీసపు కేంద్రకములు ప్రక్కప్రక్కగా పోవునపుడు వాని రెండు తేజోమండలములును ఒరసికొనును గదా! ప్రోటానులతో పోల్చిన, 82ను నాలుగుమాఱులు గుణించినంత, అనగా సుమారు నాలుగున్నర కోట్ల రెట్లు, ఇట్టి అవకాశము పెరుగును. అందువలన భారమైన కేంద్రకమే కావలసివచ్చినది.

అట్లాస్ అను ప్రయోగమువారు 2015లో జరిగిన సీసపు సంఘటనలలో వెదకి, కాంతి కాంతిని తాకినట్లు తోచినవి 13 మాత్రమే కనుగొనిరి, 2017లో ప్రకటించిరి. ఆ పదుమూడింటిలో రెండు మూడు భ్రమలై యుండవచ్చునని కూడ వారే వ్రాసిరి. 2018 సంఘటనలలో 59 దొరికినవి. వానిలో సుమారు 12 భ్రమలు కావచ్చుననిరి. ఇంతటితో 1936 నాటి లెక్క నిజమని స్థిరపడినది.

ఇక క్రొత్తదాని మాట. కాంతి కాంతిని తాకినపుడు, నడుమ ఆక్సియాను జాతికి చెందిన రేణువు పుట్టి మరల కాంతిగా మాఱవచ్చునని కొందఱి ఊహ. ఆక్సియానను పేరు ఒక బట్టల సబ్బుపొడి పేరునుండి వచ్చినది. శాస్త్రములోని ఒక చిక్కును అది కడిగివేయునని ఆశపడి అట్లు పెట్టిరి. ఇట్టి రేణువులు కృష్ణపదార్థమునకు బంధువులు కావచ్చునని భావన. అట్టిది ఉన్నచో, ఆ కాంతుల లెక్కలో ఒకానొక శక్తి దగ్గఱ గుట్టవలె పెరుగుదల కనబడవలెను. ప్రోటానుకు సుమారు ఆఱు రెట్ల భారము మొదలు నూఱు రెట్లకు పైబడి వెదకిరి. గుట్ట కనబడలేదు. కనబడలేదనియే ప్రకటించిరి.

ఇంకొకటి. సూదంటురాతిని ఎన్ని ముక్కలు చేసినను ప్రతి ముక్కకును ఉత్తరపు కొన, దక్షిణపు కొన రెండును ఉండును. ఒక్క కొనయే గల రేణువు ఉండవచ్చునని 1931లో డిరాక్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. సీసపు కేంద్రకములు దాటిపోవునపుడు క్షణమాత్రము పుట్టు అయస్కాంతబలము వంటిది భూలోకమున మఱెచటను లేదు. అంత బలమునకు శూన్యమునుండి అట్టి రేణువు ఊడిపడునేమోయని, మోఎడాల్ అను ప్రయోగమువారు 2018లో ఆ చోట అల్యూమినియము కడ్డీలను వలవలె పెట్టియుంచిరి. పిదప వానిని ఒక్కొక్కటిగా అతిసూక్ష్మమైన మాపకయంత్రములో దూర్చి చూచిరి. 2022లో ఫలితమును ప్రకటించిరి: ప్రోటానుకు సుమారు 80 రెట్ల భారము వఱకు అట్టి రేణువు చిక్కలేదు.

ఇచట రైతుగారు నవ్విరి. "ఏమీ దొరకలేదని చెప్పుటకు ఇంత పనియా పంతులుగారూ?"

నా చిన్ననాటి తర్కశాస్త్రము నాకపుడు జ్ఞప్తికి వచ్చినది. మన పూర్వులు జ్ఞానమునకు ప్రమాణములేవి యని చాల చర్చించిరి. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి, అనగా కనబడకపోవుట, కూడ ఒక ప్రత్యేక ప్రమాణమనిరి. నైయాయికులు దానిని ప్రత్యక్షమునకు సహకారి యని మాత్రము ఒప్పుకొనిరి. ఆ వాదమెట్లున్నను ఒక నియమమును ఇరువురును అంగీకరించిరి. చీకటి గదిలో కుండ కనబడలేదన్నంత మాత్రమున కుండ లేదని చెప్పరాదు. దీపము వెలిగించి, కన్ను తెఱచి, ఉన్నచో తప్పక కనబడదగిన స్థితిలో చూచి, అపుడును కనబడకున్న లేదని నిశ్చయింపవచ్చును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. సీసపు కేంద్రకముల కాంతి అట్టి దీపము. పూర్వము ఎవరును వెలిగింపని దీపమును వెలిగించి, ఇంతమేర గదిలో ఈ కుండ లేదని వారు చెప్పుచున్నారు. గది పెద్దది, ఇంకను చీకటి మిగిలియున్నది. కాని చూచినంతమేర సందేహము తీరినది.

రైతుగారికి బోరుబావి చెప్పిన ఇంకను తేలికగా బోధపడినది. నాపరాతి నేలలో నాలుగుచోట్ల త్రవ్వి నీరు పడకున్న, ఆ నాలుగు చోట్లను గుర్తు పెట్టిన మనిషి తన పొరుగువానికి మేలు చేసినట్లే. గుర్తు పెట్టక పూడ్చివేసినవాడు మఱియొకని సొమ్మును గూడ పూడ్చినవాడగును.

వారు మఱొక శంకను గూడ తెచ్చిరి. 2008 సెప్టెంబరులో ఈ చక్రమును మొదట త్రిప్పినపుడు ప్రపంచము అంతమగునని పుకారు పుట్టినది. మన పల్లెలలోను కొందఱు ఆ రాత్రి నిద్రపోలేదు. సమాధానము మన తలపైననే కలదు. ఆకాశమునుండి విశ్వకిరణములనునవి రేయింబవళ్లు భూమిపై పడుచున్నవి. వానిలో ఇనుము వంటి భారమైన కేంద్రకములును కలవని 1948లో బెలూనులతో పైకి పంపిన ఫోటో పలకల వలన తెలిసినది. అవి గాలిలోని కేంద్రకములను ఢీకొనుచునే యున్నవి. వానిలో కొన్నిటి శక్తి ఈ యంత్రము ఇచ్చుదానికన్న ఎంతో హెచ్చు. ఈ ఢీ కోట్లకొలది యేండ్లుగా జరుగుచున్నను భూమియు చంద్రుడును చెక్కుచెదరలేదు. ఇట్టి బెలూనులను ఎగురవేయు కేంద్రమొకటి, టాటా మౌలిక పరిశోధన సంస్థవారిది, మన హైదరాబాదులోనే కలదు. 2022 డిసెంబరులో మన మర్పల్లి మండలపు పొలములో పెద్ద గూడువంటి వస్తువు దిగగా జనము గుంపుగూడి వెఱచిన సంగతి మీకు జ్ఞప్తి యుండును. అదియు ఆ కేంద్రమునుండి పరీక్షార్థము ఎగురవేసిన మనుష్యరహిత వాహనమే. తెలియనంతవఱకు భూతము, తెలిసిన పిదప యంత్రము.

కావున ఆ సొరంగములో మనకు బంగారమును లేదు, ప్రళయమును లేదు. ఉన్నది ఓర్పుతోడి వెదకులాట. అందు నాకు మిక్కిలి నచ్చినది వారి యంత్రము కాదు, వారి వ్రాత. పదుమూడు దొరికిన, అందు రెండు మూడు తప్పు కావచ్చునని తామే వ్రాయుదురు. దొరకనిదానిని దొరకలేదని వ్రాయుదురు. పుట్టిన బంగారమును పికోగ్రాములలో తూచి చెప్పుదురు. మా యింటికి వచ్చిన బైరాగి యెన్నడును తక్కెడను దగ్గఱకు రానీయలేదు. దీపము ఎక్కువైన మందు చెడునని కొలిమిగది తలుపు మూయించెను. మా నాయనమ్మ ఆ తలుపు తెఱపించి యున్నచో కాసులపేరు ఆమె మెడలోనే యుండెడిది.

ఇది చెప్పి నేను రైతుగారికి మూడు మాటలు నేర్పితిని. ఆ మనిషిని అడుగుడు: పగటివేళ అందఱి యెదుట చేయవలెను, సీసము మాది కావలెను, ముందును వెనుకను మేము పిలిచిన కంసాలి తూచవలెను. పని తేలిన పిదపనే సొమ్ము. వారు ఊరికి పోయి అట్లే అడిగిరి. ఆ మనిషి సంతోషముగా ఒప్పుకొని, సోమవారము సామగ్రితో వత్తునని చెప్పి పోయెను. ఆ సోమవారము నేటికిని రాలేదు.

మనుమరాలి రుసుము కట్టినారు. ఆమె భౌతికశాస్త్రమును తీసికొన్నదట. మొన్న తాతగారితో కూడ మా యింటికి వచ్చి, ఎనుబదిరెండును నాలుగుమాఱులు గుణించి చూచితిననియు, నా లెక్క సరియే ననియు చెప్పినది. ఉపాధ్యాయుని లెక్కను గూడ ఊరక నమ్మక తాను చేసి చూచుకొన్నందుకు నాకు చాల సంతోషమైనది.

పెద్దలారా, మీ గ్రామములకు ఎవడైన అద్భుతమును మోసికొని వచ్చినపుడు వార్త నిజమా యని మాత్రమే అడుగకుడు. దీపమెచట, తక్కెడ యెచట యని అడుగుడు.